తోక వైపు నుంచి పదిమంది

మరిది తొడకు కట్టిన గుడ్డ మళ్లీ తడిసింది. వరసక్క దాన్ని విప్పలేదు. విప్పితే ఏం కనిపిస్తుందో మధ్యాహ్నం ఒకసారి చూసింది. సభాపతి బల్ల మీద పరిచే గుడ్డను అంచు పట్టి చింపి, పాత కట్టు మీదే ఇంకో చుట్టు చుట్టి ముడి బిగించింది.

"నొప్పిగా ఉందా?"

"కాలు ఉన్నట్టే తెలియడం లేదు వదినా. నొప్పి ఉంటేనే బాగుండేది."

అతను శాసనసభ తలుపు దగ్గర కాపలా. ఓటింగు గంట మోగితే తలుపులు మూసి, లెక్క తేలేదాకా ఎవరినీ ఇటు నుంచి అటు పోనివ్వకపోవడం అతని పని. ఆ ఉదయం తుపాకులు పట్టుకుని వాళ్లు వసారాలో పరుగెత్తుకొచ్చినప్పుడు కూడా అదే పని చేశాడు. ఒక రెక్క మూశాడు. రెండోది మూసేలోగా కాల్చారు.

వచ్చినవాళ్లు ఈ దేశం వాళ్లు కారు. భాష వచ్చు గానీ ముఖాలు తెలియవు. వాళ్లు వెతుక్కుంటూ వచ్చిన ప్రధాని ఆ రోజు సభకే రాలేదు. సభలో అడుగుపెట్టే ప్రతివాళ్లూ, మంత్రి అయినా మంచినీళ్లిచ్చే మనిషైనా, బూడిదరంగు కోటు వేసుకోవాలన్నది అక్కడి నియమం. ఎవరు ఎవరో తెలిసేది ఛాతీ మీద పెట్టుకునే బిళ్లతోనే. మొదటి తూటా పేలిన కాసేపటికి బిళ్లలన్నీ కుర్చీల కిందికి చేరాయి. తుపాకులవాళ్ల నాయకుడు ఉన్నిటోపీ పెట్టుకుని వరస వరసకీ తిరిగి "నువ్వెవరు?" అని అడిగాడు. గుమాస్తాను అన్నారు. టైపిస్టును అన్నారు. ఆర్థికమంత్రి తాను వంటవాణ్ణన్నాడు.

సాయంత్రానికి హాలు వాసన మారింది. పత్రికలవాళ్లు కూర్చునే చోట తెర వెనక మూల పాయిఖానా అయింది. మొదట్లో అందరూ తెర వెనక్కి వెళ్లి వచ్చారు. తర్వాత తెర దాకా వెళ్లే ఓపిక చాలామందికి లేకపోయింది. మంచినీళ్లాయన కూజా పట్టుకుని వస్తే ఒక మాజీ మంత్రిగారు తాగగా మిగిలిన నీళ్లతో చేతులు కడుక్కుంది. ఆవిడ వెనక కూర్చున్నాయన నాలుక పెదాల మీద ఆడిస్తూ ఆ నీళ్లు తివాచీలో ఇంకిపోవడం చూశాడు. వరసక్క తల తిప్పుకుంది. అటువైపు అలాంటిదే ఇంకోటి కనిపించింది.

చీకటి పడబోతుండగా ఉన్నిటోపీ వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"పదిమందిని వదులుతాం. ఎవరన్నది మీరే తేల్చుకోండి. ఈ తలుపు దగ్గర నిలబెట్టండి. ఎప్పుడు నిలబెడితే అప్పుడే పంపేస్తాం."

వరసక్క లేచి సభాపతి దగ్గరికి వెళ్లింది. ఆయన ఎత్తు కుర్చీ వదిలేసి మూడో వరసలో, గుమాస్తాల మధ్య కూర్చున్నాడు.

"సార్, మా మరిదిని ముందు పంపండి. రక్తం ఆగడం లేదు."

"చూద్దామమ్మా."

"చూసే టైం లేదు సార్."

"ఒక పద్ధతంటూ ఉండాలి కదా. ఇవాళ దెబ్బ తగిలినవాడంటాం. వెంటనే ఇంకొకాయన బీపీ అంటాడు, ఇంకొకాయన షుగరంటాడు. ఎవరిని కాదంటాం?" ఆయన ఆమె చెవి దగ్గరికి వంగాడు. నోటి కంపు కొట్టింది. "నీ పనే కదా ఇది. హోదా వరసలో నిలబెట్టు. ఎవరూ నోరెత్తలేరు. నీ మరిదిని పదకొండోవాడిగా నేను ప్రత్యేకంగా అడుగుతాను. మాటిస్తున్నా."

ఎవరి వెనక ఎవరు నడవాలో, ఎవరు గుమ్మం దాటేదాకా ఎవరు ఆగాలో చూడడం ఆమె ఉద్యోగం. అందుకే వరసక్క అనే పేరు. ఇంట్లో కూడా అదే పిలుపు. తొమ్మిదిమంది దాకా తేలిగ్గానే కుదిరింది. సభాపతి, ఉపసభాపతి, ఆర్థికమంత్రి, ప్రతిపక్ష నాయకుడు, అలా. సభలో ఒకరి ముఖం ఒకరు చూసుకోని ప్రతిపక్ష నాయకుడూ ఆర్థికమంత్రీ చేతులు పట్టుకుని కూర్చున్నారు. పదో చోటు దగ్గర వచ్చింది తంటా.

ఆ చోటు తనదేనని మాజీ మంత్రిగారంది. తనదేనని పళ్లాయనన్నాడు. ఆయన ఒక కమిటీకి చైర్మను. ఎవరితో మాట్లాడినా పైవరస పళ్లన్నీ కనిపిస్తాయి గనక సిబ్బంది ఆ పేరు పెట్టుకున్నారు.

"కమిటీ చైర్మనంటే సహాయమంత్రి హోదా తల్లీ" అన్నాడాయన.

"హోదా కాదు, హోదాతో సమానం. రెండూ ఒకటి కాదు."

"మీరు మాజీ. నేను తాజా."

"మాజీ అయినా ప్రమాణం చేసినదాన్ని. నువ్వెప్పుడు చేశావు?"

"ప్రాణం పోయేటప్పుడు ప్రమాణం గొడవెందుకమ్మా?"

"మరి పక్కకి జరుగు!"

కొందరు ఆమె వైపు, కొందరు ఆయన వైపు చేరారు. పాత సంగతులు తీశారు. ఏ విందులో ఎవరిని ముందు కూర్చోబెట్టారో, ఏ ఊరేగింపులో ఎవరి కారు ముందు వెళ్లిందో గుసగుసల్లో వాదించుకున్నారు. వరసక్క మధ్యమధ్యలో లేచి వెళ్లి మరిది నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి వచ్చింది. మొదట వేడిగా ఉన్న నుదురు తర్వాత చల్లబడింది. మాజీ మంత్రే ముందని ఆమె మూడుసార్లు చెప్పింది. పళ్లాయన ఒప్పుకునేసరికి పైకప్పు అద్దాల్లో వెలుగు వచ్చింది.

ఆమె వాళ్లను తలుపు దగ్గర నిలబెట్టింది. రెండు వేళ్లతో మోచేయి ముట్టుకుని, "సగం అడుగు వెనక్కి సార్. కుడి భుజం నా వైపు" అంది. ముప్పయ్యేళ్ల అలవాటు. వాళ్లూ అలవాటు కొద్దీ కాలరు సర్దుకున్నారు. పదిమందీ నిలబడ్డాక పళ్లాయన పిలవని పేరంటానికి వెళ్లినట్టు వెళ్లి పదకొండో చోట నిలబడ్డాడు.

ఉన్నిటోపీ రొట్టె నములుతూ వచ్చాడు. వరసను ఈ చివరి నుంచి ఆ చివరికి చూశాడు. మళ్లీ మొదటికి వచ్చాడు.

"ఎవరు నిలబెట్టారు?"

"నేనే" అంది వరసక్క.

"ఎలా?"

"హోదా ప్రకారం." మాట దానంతటదే వచ్చింది.

"అంటే పెద్దవాళ్లు ముందా?"

తానేం చేసిందో ఆమెకి అప్పుడు తెలిసింది.  జవాబు చెప్పాల్సిన అవసరం లేకపోయింది. పదిమంది మెడలూ ఒక్కసారి కిందికి వంగాయి.

"ఎంతసేపు పట్టింది?"

"రాత్రంతా."

ఉన్నిటోపీ రొట్టె మింగాడు. "నిన్నంతా కోటు కోటుకీ అడిగాం. అందరూ గుమాస్తాలమే అన్నారు. ఈ సభలో పెద్దమనిషన్నవాడే లేడనుకున్నాం" అన్నాడు. సభాపతి భుజం మీద చెయ్యి వేశాడు. "నువ్వు మొదటివాడివన్నమాట."

"నేను... వయసులో పెద్దవాణ్ణి బాబూ" అన్నాడు సభాపతి.

దొంగ చేతికి తాళంచెవి ఇచ్చి, ఏ పెట్టెలో ఏముందో కూడా చెప్పినట్టయింది. ఆ పదిమందినీ తీసుకెళ్లి గోడకు ఆనించి కూర్చోబెట్టారు. ఆర్థికమంత్రి తాను వంటవాణ్ణేనని ఏడ్చాడు. పళ్లాయన మాత్రం అప్పటికే పదకొండో చోట లేడు. ఎప్పుడు జారుకున్నాడో ఎవరూ చూడలేదు.

"ఇప్పుడు తోక వైపు నుంచి పదిమందిని పిలువు" అన్నాడు ఉన్నిటోపీ వరసక్కతో.

తోకలో ఎవరుంటారో ఆమెకు తెలుసు. పేర్లు ఆలోచించాల్సిన పని లేదు. ఊడ్చే ముసలమ్మ, మంచినీళ్లాయన, లిఫ్టువాడు, తోటమాలి, ఫోన్లు కలిపే అమ్మాయి, దీపాలు చూసే మనిషి, కుర్చీలు సర్దేవాళ్లు ముగ్గురు, తలుపు కాపలా. ఆమె మరిది దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది.

"ఇతను నడవలేడు. మొయ్యాలి."

"మోసేవాళ్లూ ఆ పదిమందిలోనే."

తివాచీ ముక్క కోసి దాని మీదికి మరిదిని దొర్లించారు. లిఫ్టువాడు ఒక కొస పట్టుకున్నాడు. తోటమాలి ఒకటి, దీపాల మనిషి ఒకటి. నాలుగో కొస మంచినీళ్లాయనది. అతను కూజా బల్ల మీద పెట్టి, చేతులు కోటుకి తుడుచుకుని వచ్చాడు. వచ్చేసరికి ఆ కొస పళ్లాయన చేతిలో ఉంది. ఆయన ఛాతీ మీద కూజా బొమ్మ ఉన్న బిళ్ల ఉంది. కుర్చీల కింద ఎక్కడో ఏరుకున్నాడు.

"అయ్యా, అది నాది" అన్నాడు మంచినీళ్లాయన మెల్లగా.

పళ్లాయన అతని వైపు చూడలేదు. వరసక్క వైపు చూశాడు. నుదుటి మీది చెమట కళ్లలోకి దిగుతోంది. పళ్లు కనిపిస్తూనే ఉన్నాయి.

"ఇద్దరిలో ఎవరు?" అన్నాడు ఉన్నిటోపీ. "ఇతనెవరు?"

మరిది కనురెప్పలు సగం మూసుకుపోయాయి. ఇంకో మాట లేస్తే ఈ తలుపు కూడా మూస్తారేమోనని ఆమెకు భయం వేసింది.

"మంచినీళ్లు" అంది, పళ్లాయనను చూపించి.

మంచినీళ్లాయన ఆమె వైపు ఒకసారి చూశాడు. తిట్టలేదు. వెనక్కి వెళ్లి కూజా తీసుకున్నాడు.

ఆ మర్నాడు తెల్లవారుతుండగా సైనికులు పైకప్పు అద్దాలు పగలగొట్టి తాళ్ల మీద దిగారు. పొగలో ఏదీ కనిపించలేదు. వరసక్క బెంచీ కింద బోర్లా పడుకుని చెవులు మూసుకుంది. చప్పుళ్లు ఆగాక తుపాకులవాళ్లలో ఒక్కడూ మిగల్లేదు. గోడ దగ్గరి పదిమందీ దగ్గుతూ, తడిసిన పంట్లాములతో, తమ కాళ్ల మీద తాము నడిచి బయటికి వచ్చారు. బందీల్లో పోయింది ఒక్కడే. కూజా పెట్టే బల్ల పక్కన వెల్లకిలా పడి ఉన్నాడు. ఛాతీ మీద బిళ్ల లేకపోవడంతో అతనెవరో సైనికులకు తెలియలేదు. ఆమే చెప్పింది.

ఆసుపత్రిలో మరిది మంచం మీద దుప్పటి ఎత్తు ఒక వైపు మోకాలి పైనే ఆగిపోయింది.

"ముందురోజు సాయంత్రమే తెచ్చి ఉంటే కాలు దక్కేది" అన్నాడు డాక్టరు చేతులు కడుక్కుంటూ. ఆయన ఎవరినీ తప్పుపట్టలేదు. తువ్వాలు తీసుకుని వెళ్లిపోయాడు.

"మెట్ల దగ్గర సైనికుల్ని చూడగానే పళ్లాయన కొస వదిలేశాడు వదినా" అన్నాడు మరిది. "చేతులు పైకెత్తి, నేను సభ్యుణ్ణి, నేను సభ్యుణ్ణి అని అరుస్తూ ఉరికాడు. నా తల మెట్టుకి కొట్టుకుంది. మిగతా ముగ్గురూ మోశారు."

ఆమె మంచినీళ్లాయన సంగతి చెప్పింది. తన నోటితో తానేమన్నదీ చెప్పింది. 

పళ్లాయన మూడో రోజు వచ్చాడు. వెనక ఫోటోగ్రాఫరు, పూలగుత్తి పట్టుకున్న ఇద్దరు, పళ్లబుట్ట పట్టుకున్న ఒకడు. ముందురోజు పేపర్లలో ఆయన మాట వచ్చింది: గాయపడ్డ సోదరుణ్ణి భుజాన వేసుకుని తూటాల మధ్య నుంచి నడిచాను.

"ఎలా ఉన్నావు తమ్ముడూ?" అంటూ మంచం అంచున, కాలు లేని చోట కూర్చున్నాడు. దుప్పటి కింద ఏమీ లేకపోవడం తెలిసి ఉలిక్కిపడి లేచాడు. మళ్లీ కూర్చున్నాడు. "సభలో కూర్చుని చేసే పని ఒకటి చూశాను నీకు. ఫోన్ల దగ్గర. నువ్వు చేయాల్సిందేమీ లేదు. పతకాల రోజు దేశాధ్యక్షుడు వస్తారు. ఎవరు మోశారని అడిగితే నా పేరు చెప్పు. అంతే."

ఫోటోగ్రాఫరు కెమెరా ఎత్తాడు. మరిది గోడ వైపు చూశాడు.

"అలాగే సార్" అన్నాడు.

"చెయ్యి పట్టుకో. నవ్వు కాస్త."

మరిది నవ్వాడు. వరసక్క కుర్చీలోంచి లేచింది. మరిది భార్య ఆమె మణికట్టు పట్టుకుని వసారాలోకి లాక్కెళ్లింది.

"అక్కా, నీ కాళ్లు పట్టుకుంటా. నోరు తెరవకు."

"వాడి మొహం చూశావా? ఒక మనిషి చావు మీద నిలబడి ఫోటో దిగుతున్నాడు."

"చూశాను. రోత నాకూ పుట్టింది. రోత కడుపు నింపదు కదక్కా. ఒంటికాలి మనిషిని తలుపు దగ్గర ఎవరు నిలబెడతారు?"

 లోపలి నుంచి పళ్లాయన నవ్వు వినిపించింది. వెళ్లేటప్పుడు ఆయన ఆమె ముందు ఆగి, "మీకూ నాకూ మధ్య ఏమీ లేదుగా అక్కా?" అన్నాడు. అంతకుముందు ఆయనెప్పుడూ అక్కా అని పిలవలేదు. ఆమె లోపలికి వెళ్లి సబ్బుతో చేతులు కడుక్కుంది. ఆయన్ను ముట్టుకోలేదని తర్వాత గుర్తొచ్చింది.

వారం తిరక్కుండానే పతకాల సభ పెట్టారు. హాల్లో కొత్త తివాచీ పరిచారు. వాసన పోవడానికి ఏదో చల్లారు. ఆ రెండు వాసనలూ కలిసి ఇంకో వాసన అయింది.

బంగారు పతకం ఒకటి, మిగతావి వెండివి. పతకాల పళ్లేన్ని పట్టుకుని దేశాధ్యక్షుడికి సగం అడుగు వెనక నడవడం వరసక్క పని. పేర్లు చదవరు. వరసలో ఎవరు ముందుంటే పళ్లెంలో మొదటి పతకం వాళ్లకి. బ్యాండు మొదలయ్యాక ఎవరూ కదలకూడదు. పళ్లెం సర్దేది, మనుషుల్ని నిలబెట్టేది ఆమే.

నిలబెట్టింది. ముందు పళ్లాయన. ఆ ఒక్కరోజుకి వీరుడు ముందుండాలని పైనుంచి చెప్పారు. తర్వాత సభాపతి, ఆ తర్వాత గోడ దగ్గరి మిగతావాళ్లు. వాళ్లందరి తర్వాత మంచినీళ్లాయన భార్య. చిట్టచివర చక్రాల కుర్చీలో మరిది. డాక్టరు వద్దన్నా తెప్పించారు. ఒకే హోదా అయితే పోయినవాళ్ల తరఫు మనుషులు ముందు, బతికినవాళ్లు వెనక. అదీ నియమమే.

మంచినీళ్లాయన భార్య కొత్త చెప్పులు వేసుకుంది. అవి కరుస్తున్నాయేమో, ఒక కాలి మీద బరువు వేసి నిలబడింది.

"మీకు ఏం కావాలన్నా అడగండి" అంది వరసక్క ఆమె దగ్గర ఆగి. ఆ మాటలో అర్థం లేదని అంటున్నప్పుడే తెలిసింది.

"ఆయన్ని బయటికి ఎందుకు పంపలేదండీ? కిందివాళ్లని పంపించారట కదా" అంది ఆమె.

వరసక్క పళ్లెం పట్టుకుని నిలబడింది. "అతని చోటు ఇంకొకళ్లకి నేనిచ్చాను. తర్వాత కూర్చుని అంతా చెబుతాను" అంది. ఆమె అర్థం కానట్టు చూసింది. అప్పుడే తలుపు అవతల బూట్ల చప్పుడు వినిపించింది.

ఫోటోగ్రాఫర్ల పెద్ద దీపం ఒకటి వేడెక్కి పేలింది.

తుపాకీ పేలినట్టే ఉంది. వరసక్క కళ్లు గట్టిగా మూసుకుంది. కళ్లు తెరిచేసరికి వరస ముందు భాగం ఖాళీగా ఉంది. పళ్లాయన, సభాపతి, ఆర్థికమంత్రి, ప్రతిపక్ష నాయకుడు, మాజీ మంత్రిగారు అందరూ వెనక్కి ఉరికి చక్రాల కుర్చీ వెనక ఒకరి మీద ఒకరు ముడుచుకున్నారు. పళ్లాయన అందరికంటే వెనక, సభాపతి నడుం పట్టుకుని ఉన్నాడు. మంచినీళ్లాయన భార్య కదల్లేదు. ఆమె ఆ రోజు లోపల లేదు. మరిది కదల్లేడు.

"దీపం! దీపం పేలింది!" అని ఎవరో అరిచారు. ఎవరో ఇకిలించారు. వాళ్లు లేచి కోట్లు దులుపుకునేలోగా బ్యాండు మొదలైంది. తలుపు తెరుచుకుంది. దేశాధ్యక్షుడు లోపలికి వచ్చాడు. దేశమంతా టీవీలో చూస్తోంది. ఎవరెక్కడ ఉన్నారో అక్కడే, కుర్చీ వెనక గుంపుగా నిటారుగా నిలబడిపోయారు.

సభాపతి పళ్లెం వైపు చూసి కనుబొమలు ఎగరేశాడు. వరసక్క చూసింది. పళ్లెంలో బంగారు పతకాన్ని చివరికి జరపడానికి ఒక వేలు చాలు. ఆమె రెండు చేతులతో పళ్లెం అంచులు పట్టుకుని నడిచింది.

దేశాధ్యక్షుడు మొదటి మనిషి ముందు ఆగాడు. బంగారు పతకం తీసుకున్నాడు.

"మీ ధైర్యం దేశానికి ఆదర్శం" అన్నాడు, ఆయన అనాల్సిన మాట.

"నాది కాదండీ. మా ఆయనది."

"ఆయనేం చేసేవారు?"

"మంచినీళ్లు ఇచ్చేవాడు."

ఆయన తల ఊపి రెండో మనిషి ముందుకు వచ్చాడు. కింద కుర్చీల్లో మరిది భార్య రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని వేళ్లు మెలిపెడుతోంది. కుర్చీ వెనక నుంచి పళ్లాయన మెడ సాచాడు. పళ్లన్నీ కనిపించాయి.

"మిమ్మల్ని మోసుకొచ్చింది ఎవరు?" అన్నాడు దేశాధ్యక్షుడు.

 పక్కన మంచినీళ్లాయన భార్య పతకం బరువుకి చీర చిరుగుతుందేమోనని దాన్ని అరచేత్తో పట్టుకుని ఉంది. మరిది ఆ చేతిని చూశాడు.

"ముగ్గురండీ" అన్నాడు. "లిఫ్టువాడు, తోటమాలి, దీపాలు చూసే ఆయన. నాలుగో కొస నేల మీద ఈడ్చుకుంటూ వచ్చింది."

మైకు ఆ మాటను హాలు చివరిదాకా తీసుకెళ్లింది. వెనకాల పళ్లు మూసుకున్నాయి. మరిది భార్య వేళ్లు మెలిపెట్టడం ఆపింది. తల ఎత్తలేదు.

వెండి పతకాలు ఒక్కొక్కటే అయిపోయాయి. పళ్లాయన దగ్గరికి వచ్చేసరికి పళ్లెంలో చివరిది మిగిలింది. దేశాధ్యక్షుడు అది పెట్టి, కరచాలనం చేసి, ఆయన పేరేమిటని వరసక్కని అడిగాడు.

బ్యాండు ఆగింది. పెద్దాయన కారెక్కేదాకా ఆగి సభాపతి ఆమె మీదికి వచ్చాడు. చెవుల దాకా ఎర్రబడ్డాడు.

"వరస తప్పింది! దేశం మొత్తం చూసింది! ముప్పయ్యేళ్లుగా చేస్తున్నావు, ఇదేనా నువ్వు నిలబెట్టడం?"

వరసక్క ఖాళీ పళ్లెం చంకలో పెట్టుకుంది. చక్రాల కుర్చీ వెనక్కి వెళ్లి పిడులు పట్టుకుంది.

"మీరే నిలబడ్డారు సార్" అంది. "దీపం పేలాక నేనెవరి మోచెయ్యీ ముట్టుకోలేదు."